రాగి పట్టు

ఎడమకాలి చెప్పునూ కుడికాలి చెప్పునూ త్రాసులో చెరోవైపు పెట్టి చూడండి. ముల్లు కదలదు. తూచే యంత్రానికి కుడిఎడమలు తెలియవు. తెలియాలంటే ఆ చెప్పులో కాలు పెట్టి చూడాలి. హైదరాబాద్ తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ నుంచి వైరమణి, ప్రభాకర్ బృందం 2007లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. త్రాసుకు కాలు అమర్చిన పని అది.

ఉస్మానియా క్యాంపస్‌లోంచి బయటపడి ఉప్పల్ రోడ్డు పడితే ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలు ఒకే దారిలో తగులుతాయి. 1944లో మొదలైన ఐఐసీటీకి ఆ పేరు 1989లో వచ్చింది. పాతకాపులకు అది ఇంకా పాత పేరుతో ఆర్‌ఆర్‌ఎల్లే. అక్కడ పనిచేసిన ఎందరో పరిశోధక విద్యార్థులు పీహెచ్‌డీ పట్టా మాత్రం పక్కనున్న ఉస్మానియా నుంచే పుచ్చుకున్నారు.

ఆ పరిశోధనలోని త్రాసు పేరు మాస్ స్పెక్ట్రోమీటర్, అంటే అయాన్లను తూచే త్రాసు. ప్రోటీన్లను కట్టే అమైనో ఆమ్లాల్లో గ్లైసిన్ తప్ప ప్రతిదానికీ ఎల్, డి అని అద్దంలో బొమ్మల్లాంటి రెండు రూపాలుంటాయి. లూసిన్‌నే తీసుకోండి. ఎల్ అయినా డి అయినా తూకం 131. త్రాసు ఇక్కడ గుడ్డిది. అందుకని లూసిన్‌కు తోడుగా ఎల్-టైరోసిన్‌నూ, కాసింత రాగి లవణాన్నీ కలిపి కరిగించి, వేల వోల్టులు పెట్టిన సన్నటి సూదిలోంచి తుంపరగా చిమ్ముతారు. జాన్ ఫెన్‌కు 2002లో నోబెల్ తెచ్చిపెట్టిన ఎలక్ట్రోస్ప్రే ఇదే. తుంపర ఆరిపోతుంది, అయాన్లు మిగులుతాయి. వాటిలో రాగి ముగ్గురిని కలిపి పట్టుకున్న కూటమి ఒకటి. రాగి 63, రెండు టైరోసిన్లు 362, లూసిన్ 131. రాగికున్న రెండు ధనావేశాల్లో ఒకటి తగ్గేలా ఒక ప్రోటాన్ వెళ్లిపోతుంది కాబట్టి ఒకటి తీసేస్తే 555.

ఆ 555ను ఒక్కదాన్నే ఏరి, జడవాయువుతో ఢీకొట్టిస్తారు. ఇక రాగి ఎవరినో ఒకరిని వదలక తప్పదు. లూసిన్‌ను వదిలితే 424, టైరోసిన్‌ను వదిలితే 374. ఈ రెండు శిఖరాల ఎత్తుల నిష్పత్తి ఎల్-లూసిన్‌కు ఒకలా, డి-లూసిన్‌కు మరోలా వస్తుంది. రాగి గుప్పిట్లో ఎల్-టైరోసిన్ల పక్కన ఒక రూపం ఒదిగి కూర్చుంటుంది, రెండోది ఇరుకున పడుతుంది. తూకంలో దొరకని తేడా విడిపోవడంలో దొరికింది.

లెక్క సరిచూసుకునే వీలు కూడా రాగిలోనే ఉంది. రాగి పరమాణువుల్లో నూటికి 69 దాకా 63 తూకానివి, మిగిలినవి 65వి. కనుక 555కు రెండంకెల అవతల, 557 దగ్గర, దాని చెల్లెలు కనపడాలి. కనపడకపోతే అందులో రాగి లేనట్టే.

ఇదంతా యంత్రంలోని శూన్యంలో ఎందుకు చేస్తారంటే, నీళ్లలో లోహం ఒంటరిగా ఉండదు. ద్రావణి అణువులు దాన్ని చుట్టుముట్టి ఉంటాయి. పని ఎవరు చేశారో తేలదు. వాటిని తీసేస్తే లోహం చేసే పని స్పష్టంగా కనబడుతుంది. పట్టుకుని వదలడమే కాదు, కొత్త బంధాన్ని అల్లడం కూడా. బెర్లిన్‌లో హెల్ముట్ ష్వార్ట్స్ బృందం 1998లో చూపించింది ఇదే: ఒకే ఒక్క ప్లాటినం అయాన్ మీథేన్‌లోంచి హైడ్రోజన్ జంటను ఊడగొట్టి, మిగిలిన కార్బన్ ముక్కను తన దగ్గరే అట్టిపెట్టుకుంటుంది. అటుగా అమోనియా వస్తే కార్బన్‌కూ నైట్రోజన్‌కూ ముడిపడుతుంది. ప్లాటినం మీద మీథేన్, అమోనియాలను కలిపి హైడ్రోజన్ సయనైడ్ తీసే ఫ్యాక్టరీ పద్ధతికి ఇది ఒక్క పరమాణువంత నమూనా. ఆ ష్వార్ట్స్‌తో కలిసి ఐఐసీటీకి చెందిన ఆర్. శ్రీనివాస్ 1990ల మొదట్లో సిలికాన్ అయాన్ల మీద పనిచేశారు. తార్నాకకు ఈ విద్య కొత్తది కాదు.

మళ్లీ రాగి దగ్గరికి. నిజం చెప్పుకోవాలంటే రాగి కూటమి ఉపాయం తార్నాకలో పుట్టలేదు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో గ్రాహం కుక్స్ బృందం 2000లోనే చేసి చూపింది. మనవాళ్ల పనితనమంతా ఆ కాలు, అంటే తోడుగా పెట్టే అణువు, ఎంపికలో ఉంది. టైరోసిన్ వలయానికి అయోడిన్ తగిలించారు. ఒకటి తగిలిస్తే 181 కాస్తా 307 అవుతుంది, రెండు తగిలిస్తే 433. ఆ లావుపాటి పరమాణువు వల్ల కుడిఎడమల మధ్య ఎడం ఎలా మారుతుందో ఒక్కో అమైనో ఆమ్లంతో ఓపిగ్గా కొలిచారు. నాకు నచ్చింది ఇంకోటుంది. బ్రోమిన్ తగిలించి ఉంటే దాని 79, 81 జంట వచ్చి రాగి జంటతో కలగాపులగమయ్యేది. ప్రకృతిలో అయోడిన్‌కు ఉన్నది 127 ఒక్కటే, శిఖరాలు చెదరవు. వాళ్లు ఇందుకే ఎంచుకున్నారని అనను, కానీ చూసే కంటికి ఎంత హాయి! లోటు లేకపోలేదు. ఈ పద్ధతికి శుద్ధమైన ఎల్, డి నమూనాలు ముందే చేతిలో ఉండాలి, లేకపోతే నిష్పత్తిని దేనితో పోల్చాలి?

అయోడిన్ తగిలించిన ఈ టైరోసిన్లు ప్రయోగశాల సరుకు మాత్రమే కాదు. థైరాయిడ్ హార్మోను తయారయ్యే దారిలో మన గొంతులోని గ్రంథి రోజూ చేసుకునేవి ఇవే, ఒక అయోడిన్‌ది, రెండు అయోడిన్లది. ఇనుమూ అయోడినూ రెండూ కలిపిన ఉప్పును రూపొందించిన జాతీయ పోషకాహార సంస్థ ఎన్‌ఐఎన్ కూడా ఇక్కడే, తార్నాకలోనే ఉంది.