ఏమైందో చెప్పండి

"కైకలూరు రోడ్డు తెరిచారా అండీ?"

2024 సెప్టెంబరులో మా ఏలూరు వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్ పేజీల్లో రోజుల తరబడి తిరిగిన ప్రశ్న ఇది. నెల మొదటి రోజునే బుడమేరు విజయవాడను ముంచింది. టీవీలన్నీ సింగ్‌నగర్‌నే చూపించాయి. ఆ నీళ్లు చివరికి చేరేది కొల్లేటికే కాబట్టి అక్కడ తీత మొదలయ్యాక ఇక్కడ పోటు మొదలవుతుంది. తమ్మిలేరు నీళ్లు కూడా తోడై కొల్లేరు నిండితే, సముద్రానికి తీసుకెళ్లడానికి ఉన్నది ఒక్క ఉప్పుటేరు. అది లాగలేకపోయింది. నీళ్లు ఎడ్లగాడి దగ్గర రోడ్డెక్కాయి, ఏలూరు కైకలూరు మధ్య రాకపోకలు ఆగిపోయాయి.

ఇలాంటప్పుడు వచ్చే జవాబుల్లో ఎక్కువ భాగం "ఇంకా లేదు బ్రో", "వెళ్లొచ్చు అనుకుంటా" వంటివే. వాటి మధ్య ఎక్కడో ఒకటి కనిపిస్తుంది. "పొద్దున్నే ఏడింటికి నేను అక్కడే ఉన్నానండి. కార్లు వెనక్కి పంపేస్తున్నారు. ఆసుపత్రి పనైతే గుడివాడ, హనుమాన్ జంక్షన్ మీంచి రండి. దూరమే గానీ ఆగక్కర్లేదు." రాసినాయన ఎవరో ఎవరికీ తెలియదు. చూసిన వేళ చెప్పాడు, కళ్లారా చూశానని చెప్పాడు, అడగకపోయినా రెండో దారి చెప్పాడు. ఏ పత్రికా, ఏ కంట్రోల్ రూమూ ఆ నిమిషానికి అంతకంటే పనికొచ్చే మాట చెప్పలేవు. లోటల్లా ఒక్కటే. ఆ మెసేజ్‌లో ఏడింటికని ఉంది, ఏ తారీఖు ఏడింటికో లేదు. నాలుగు రోజుల తర్వాత కూడా అది గ్రూపు నుంచి గ్రూపుకి ఫార్వర్డ్ అవుతూనే ఉంటుంది. అప్పటికి నీళ్లు తీసేసి ఉండొచ్చు, ఇంకో అడుగు పెరిగి ఉండొచ్చు.

ముక్కూ మొహం తెలియని మనిషిని ఒక చిన్న సంగతి అడగడం, అతను పని ఆపుకుని చెప్పడం మన కాలంలో పెరిగిన మంచి అలవాట్లలో ఒకటని నేను గట్టిగా నమ్ముతాను. దీన్ని పొద్దుపోని వ్యవహారంగా కొట్టిపారేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. తాడేపల్లిగూడెంలో నిట్ వచ్చింది 2015లో. అప్పటినుంచి ఎక్కడెక్కడి రాష్ట్రాల పిల్లలో ఆ స్టేషన్‌లో దిగుతున్నారు. "రాత్రి పదకొండింటికి రైలు దిగితే క్యాంపస్‌కి ఆటో దొరుకుతుందా, ఎంత అడుగుతారు?" అని ఎక్కడో ఉన్న ఒక తండ్రి వచ్చీరాని ఇంగ్లీషులో అడుగుతాడు. గూడెం కుర్రాడొకడు అంతకంటే వచ్చీరాని హిందీలో, స్టేషన్‌కి ఏ పక్క దిగాలో సహా చెబుతాడు. ఆ తండ్రికి ఆ రాత్రి నిద్ర పట్టేది ఆ మూడు ముక్కల వల్లే.

ఇది సెల్‌ఫోన్‌తో పుట్టిందేమీ కాదు. నూజివీడులో పుట్టి, ఏలూరులో చదువుకుని, పెళ్లయ్యాక మద్రాసు వెళ్లిన మాలతీ చందూర్ 1950లలో మొదలుపెట్టి దశాబ్దాల పాటు ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' నడిపారు. నవలలు రాశారు, 'హృదయనేత్రి'కి 1992లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నారు. అయినా మా అమ్మ తరం ఆడవాళ్లకు ఆవిడ ముందుగా ప్రశ్నలకు జవాబిచ్చే మనిషి. అత్తగారిని అడిగితే చిన్నచూపు, పక్కింటావిడను అడిగితే ఊరంతా టాంటాం. అలాంటివన్నీ ఇన్లాండు కవరెక్కి మద్రాసు వెళ్లేవి. వంటింటి సందేహం దగ్గర్నుంచి మొగుడితో పడని బాధ దాకా అన్నీ ఆవిడ బల్ల మీదకే. రాసినామె ఒక్కతే, చదివేవాళ్లు వేలమంది. అదే ప్రశ్న గొంతులో అడ్డుపడి, రాయడానికి ధైర్యం చాలని వాళ్లు కూడా ఆ జవాబు చదువుకునేవారు.

నాకు ఇందులో అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది, అడగకుండానే జవాబు చదువుకునే ఆ మూడో మనిషే. 2004లో కేంద్ర ప్రభుత్వం కిసాన్ కాల్ సెంటర్లు పెట్టింది. 1551కి ఫోన్ చేస్తే తెలుగులోనే జవాబు చెప్పేవారు. మంచి ఏర్పాటే. కానీ రైతు అడిగిందీ, అవతలివారు చెప్పిందీ ఆ ఇద్దరి మధ్యే ఉండిపోతాయి. పక్క చేనువాడికి అదే తెగులు వస్తే మళ్లీ మొదటినుంచి అడగాలి. నలుగురిలో అడిగిన ప్రశ్నకు ఆ బాధ లేదు. గ్రూపులో రెండొందల మంది ఉంటే అడిగేది ఒక్కరు, చెప్పేది నలుగురు, మిగిలినవాళ్లంతా మాట్లాడకుండా చదువుకునేవాళ్లే.

కొల్లేటి చుట్టూ, ఇటు ఆకివీడు, ఉండి, భీమవరం దాకా చేపలు, రొయ్యల రైతుల గ్రూపులు లెక్కలేనన్ని. వాటికి రద్దీ వేళ తెల్లవారుజాము నాలుగు గంటలు. ఎందుకో చెరువు మీద బతికేవాడికి చెప్పక్కర్లేదు. నీళ్లను పచ్చగా ఉంచే ప్లాంక్టన్ పగలు ఎండలో ఆక్సిజన్ వదులుతుంది, చీకటి పడితే తనూ పీల్చుకుంటుంది. చేపలూ పీలుస్తాయి, అడుగున కుళ్లే మేతా లాగుతుంది. తెల్లారేముందు నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ. ముందురోజు మబ్బు పట్టి ఉంటే మరీ తక్కువ. అప్పుడు చేప పైకి తేలి నోరు తెరుస్తుంది. ఆ వేళ ఊళ్లో డాక్టరూ లేవడు, మందుల కొట్టూ తెరవదు. మెలకువగా ఉండేది గట్టు మీద టార్చిలైటు పట్టుకున్న మరో చెరువు రైతే.

అక్కడ ప్రశ్న ఎలా అడిగామన్నదాని మీద పంట ఆధారపడుతుంది. కొందరు మసక ఫొటో ఒకటి పెట్టి "చేప తేలుతోంది, అర్జంట్, ఏం వెయ్యాలి" అంటారు. దానికి ఎవరైనా ఏం చెబుతారు? "మీది ఎన్నెకరాలు, నీళ్లెంత, ఏరేటర్లు ఉన్నాయా" అని ఎదురు ప్రశ్నలు వేయడంలోనే అరగంట గడుస్తుంది. ఈ మధ్య ముదినేపల్లి వైపు రైతు ఒకాయన అడిగిన తీరు చూసి నాకు ముచ్చటేసింది. "రెండెకరాల చెరువండి. నాలుగున్నర అడుగుల నీళ్లు. శీలావతి, బొచ్చె. నిన్నంతా మబ్బు. సాయంత్రం మేత మామూలుగానే కట్టాం. నీళ్లు చిక్కటి పచ్చ. మూడున్నర నుంచి చేప తూము దగ్గర గుంపుగా తేలింది. రెండు ఏరేటర్లలో ఒకటి తిరగట్లేదు. ఆయిలింజను ఉంది." ఇంకేం అడగాలి ఎవరైనా?

జవాబులు వెంట వెంటనే వచ్చాయి. మేత సంచులు తీసెయ్యమన్నారు. తిరిగే ఏరేటరును చేప తేలిన పక్కకు జరపమన్నారు. ఇంజనుతో చెరువు నీళ్లనే పైకి చిమ్మి మళ్లీ చెరువులోనే పడనివ్వమన్నారు, తుంపర్లుగా పడితే గాలి కలుస్తుందని. ఆక్సిజన్ బిళ్లలు ఉంటే చేప ఉన్నచోటే వెయ్యమన్నారు. "ఈ పూట ఎరువు గానీ మందు గానీ దేని జోలికీ వెళ్లకు బాబాయ్, ముందు ఎండ రానీ" అన్నాడొక కుర్రాడు. నాకు ఆ మాట అన్నిటికంటే నచ్చింది. ఏం చెయ్యకూడదో చెప్పేవాళ్లు అరుదు.

మధ్యలో ఒకతను ఫలానా కంపెనీ డబ్బా బొమ్మ పెట్టి "ఇది వెయ్యండి, గ్యారంటీ" అన్నాడు. ఆ డబ్బా అమ్మేది తనేనన్న సంగతి చెప్పలేదు. సరుకు అమ్మేవాడు సలహా చెప్పకూడదని నేననను. చెరువుల సంగతి వాళ్లకు తెలిసినంత చాలామందికి తెలియదు. కానీ "ఇది నేను అమ్మే సరుకండి" అన్న ఒక్క ముక్క ముందు రాయాలి. రొయ్యల దగ్గర ఇది ఇంకా ప్రమాదం. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి మందులు చెరువుల్లో నిషేధం. వాటి అవశేషాలు పట్టుబడుతున్నాయనే యూరోపియన్ యూనియన్ 2016లో మన చెరువు రొయ్యల సరుకులో పరీక్షించే వంతును 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. పేరు కూడా పూర్తిగా చెప్పని పొడి ఒకటి ఎవరో రాత్రిపూట రాస్తే, ఇంకెవరో చెరువులో కలిపితే, దాని దెబ్బ ఎగుమతి అయ్యే కంటెయినరు దాకా వెళుతుంది.

అన్నిటినీ నలుగురిలో అడగకూడదు కూడా. 2020 డిసెంబరులో ఏలూరు వన్‌టౌన్‌లో మొదలై జనం ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయిన రోజులు మా ఊరు మరిచిపోలేదు. ఆరొందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ పరీక్షల్లో తేలేలోపు ప్రతి ఫోన్‌లోనూ ఒక కారణం పుట్టింది. ఆ రోజుల్లో "ఇదేం జబ్బు?" అని గ్రూపులో అడిగితే వచ్చేది భయమే. "మీ వీధిలో ఎవరైనా పడిపోయారా? మీరు ఏ నీళ్లు తాగుతున్నారు?" అన్న ప్రశ్నకు మాత్రం ఎవరి ఇంటి సంగతి వాళ్లు నిజాయితీగా చెప్పగలరు. జబ్బు పేరు చెప్పాల్సింది డాక్టరు. వీధి సంగతి చెప్పాల్సింది వీధిలో ఉన్నవాళ్లే.

ఇంకో రకం ప్రశ్న చూస్తే నాకు గుండె కలుక్కుమంటుంది. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న కూతురు అడుగుతుంది, "పవర్‌పేటలో మా అమ్మగారు ఒక్కరే ఉంటారు. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ల్యాబువాళ్లు ఎవరైనా ఉన్నారా? ఫోన్ నంబరు ఇది." ప్రేమతో, ఆదుర్దాతో అడిగిన మాటే. కానీ ఫలానా పేటలో పెద్దావిడ ఒంటరిగా ఉంటుందని, ఆవిడ నంబరు ఇదని వేలమందికి చెప్పినట్టయింది. దీనికి మొదట జవాబిచ్చినామె ల్యాబు పేరు కంటే ముందు ఇలా రాసింది. "అమ్మగారి నంబరు తీసెయ్యమ్మా, ఒక్కరే ఉంటారన్న మాట కూడా తీసెయ్. ల్యాబు వివరాలు నీకు విడిగా పంపిస్తాను." కూతురు తీసేసింది. జవాబు చెప్పడంలో ఇంతకంటే పెద్దరికం నేను చూడలేదు.

ఇప్పుడు కృత్రిమ మేధను అడిగేస్తున్నారు చాలామంది. చెరువులో ఆక్సిజన్ తెల్లారేముందు ఎందుకు పడిపోతుందో అది చక్కగానే చెబుతుంది, అడిగినన్నిసార్లు విసుక్కోకుండా చెబుతుంది. నాకు దాంతో తగువు లేదు. గూడెం మార్కెట్‌కి ఈ ఉదయం కర్నూలు ఉల్లి ఎన్ని లారీలు దిగిందో, నిమ్ములో ఉన్న సరుకెంతో మాత్రం మార్కెట్లో నిలబడ్డ మనిషే చెప్పాలి. అతను చెప్పాలంటే, చెప్పినందుకు ఏదో ఒకటి తిరిగి రావాలి.

నా గొడవంతా ఇక్కడే. అడిగినవాళ్లు జవాబు అందగానే మాయమైపోతున్నారు. థాంక్యూ కోసం కాదు నేననేది, చేతులు జోడించిన బొమ్మలు కుప్పలుగా వస్తూనే ఉన్నాయి. నలుగురు నాలుగు మాటలు చెప్పారు, అందులో ఏది చేశారు? చేస్తే ఏమైంది? ఆ ఒక్కటీ రాయరు. దాంతో తప్పుడు సలహా, మంచి సలహా పక్కపక్కనే సమానంగా మిగిలిపోతాయి. ఆర్నెల్ల తర్వాత అదే కష్టం వచ్చినవాడు వెతికి చూస్తే ప్రశ్న దొరుకుతుంది, పన్నెండు జవాబులు దొరుకుతాయి, ఏది పనిచేసిందో దొరకదు. జవాబిచ్చినవాడికీ నష్టమే. తన మాట చెరువును నిలబెట్టిందో ముంచిందో తెలియకుండా అతను వచ్చేసారి అదే మాట ఇంకొకరికి చెబుతాడు. నిద్ర మానుకుని రాసినవాడికి ఆ మాత్రం తెలిసే హక్కు ఉంది.

పని జరగనప్పుడు మనవాళ్లు అసలే రాయరు. చెప్పినాయన చిన్నబుచ్చుకుంటాడని మొహమాటం. నష్టం నలుగురికీ తెలుస్తుందని బిడియం. చెరువు పోయినవాడి బాధ నాకు అర్థమవుతుంది, ఆ పూటే రాయమని ఎవరూ అడగరు. వారం తర్వాత రాసినా చాలు. "మీరు చెప్పినట్టే చేశానండి, నా దగ్గర కుదరలేదు" అంటే ఏ మంచివాడూ తప్పు పట్టడు. పైగా ఎందుకు కుదరలేదో ఆలోచించేవాళ్లు పదిమంది తయారవుతారు.

ఆ ముదినేపల్లి ఆయన రాశారు. తొమ్మిదిన్నరకు, ఎండెక్కాక. "చేప దిగిందండి. మొత్తం మీద పాతిక, ముప్పై పోయాయి, ఎక్కువ బొచ్చెలే. ఇంజను చిమ్మకం మొదలెట్టిన ముప్పావు గంటకు గుంపు విడిపోయింది. బిళ్లలు మా దగ్గర లేవు, వెయ్యలేదు. డబ్బా మందు కూడా వెయ్యలేదు. రెండో ఏరేటరుకు మోటారు వైండింగ్ పోయింది, గుడివాడ పంపించాను." ఆ మెసేజ్ కింద గంటలోపే వేరే ఊరి రైతు ఒకరు ఇంకో ప్రశ్న వేశారు. "ఇంజను ఎన్ని హెచ్.పి.దండి? పైపు ఎన్ని అంగుళాలు?"