పెయిస్లీలో ఒక పేక లెక్క

గ్లాస్గో నుంచి పడమటికి రైలెక్కితే పావుగంటలో పెయిస్లీ వస్తుంది. ఊరు చూడబోయినవాళ్లంతా మొదట ఆగేది అబ్బే దగ్గరే. ఆగదగ్గదే. 1163లో వాల్టర్ ఫిట్జ్‌అలన్ పెట్టిన మఠం. ఆయన వంశమే తర్వాత స్టీవర్ట్ రాజుల వంశమైంది. గోడ అంచున వాన నీళ్లు చిమ్మే రాతి బొమ్మలు అరిగిపోతే 1990ల్లో కొత్తవి చెక్కించారు. వాటిలో ఒకటి అచ్చం ‘ఏలియన్’ సినిమాలోని జీవిలా ఉంటుంది. ఎనిమిది వందల ఏళ్లు దాటిన గుడికి ఆ మాత్రం కొంటెతనం ఉండొచ్చు.

నా కాళ్లు మాత్రం వీధుల పేర్లు చదువుకుంటూ పోయాయి. మాది మగ్గాల ఇల్లు. నాడె పేరుతో ఒక వీధి, పట్టు పేరుతో ఒకటి, నూలు పేరుతో ఇంకొకటి ఉన్న ఊరిలో అబ్బేలోని రాజుల సమాధుల దగ్గర ఎంతసేపని నిలబడతాను? షటిల్ స్ట్రీట్‌లో 18వ శతాబ్దపు నేతగాడి ఇల్లు ఒకటి మిగిలి ఉంది. ఆ కాలపు నేత ఇళ్లలో మగ్గం గదికి మట్టి నేల ఉండేది. నేల చెమ్మ ఆరకపోతే పడుగు పోగులు తెగవు. గుంట మగ్గం మీద కూర్చున్నవాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ ఇల్లున్న చోటిని ‘స్మా షాట్’ కాటేజీలంటారు. స్మా షాట్ అంటే సన్న పేక. పెయిస్లీ శాలువాలో రంగురంగుల పేకలతో పువ్వు ఎక్కిస్తారు. ఆ రంగు పోగులు వెనకవైపు వదులుగా వేలాడుతుంటాయి. వాటిని పట్టి ఉంచడానికి మధ్య మధ్య ఒక సన్న పోగు వేస్తారు. నేత పూర్తయ్యాక అది పైకి కనపడదు. అది లేకపోతే మాత్రం శాలువా విడిపోతుంది. బుటా నేసే మన నేతగాడు కూడా పువ్వు పేక తర్వాత నేల పేక కొట్టకుండా ముందుకు పోడు. పెయిస్లీ షావుకార్లు ఇక్కడే లెక్క తీశారు: కనపడని పోగుకి కూలి ఎందుకివ్వాలని. నేతగాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడి 1856లో ఆ కూలి సాధించుకున్నారు. నన్నడిగితే ఆ ఊరి అసలు కట్టడం ఆ ఒప్పందమే.

శాలువా గొప్పతనం గురించి ఒక మాట అనక తప్పదు. మన చీరల అంచున కనిపించే మామిడి పిందె కశ్మీరు శాలువాల నుంచి అక్కడికి చేరింది. దాన్ని జకార్డ్ మగ్గాల మీద చవగ్గా నేసి అమ్మారు. పోయి పోయి ప్రపంచం ఆ నమూనాకి ఆ ఊరి పేరే పెట్టింది. కశ్మీరు నేతగాళ్ల తరఫున నాకీ కోపం ఉంది, ఉంటుంది కూడా. 1870ల్లో ఆడవాళ్ల గౌన్ల తీరు మారి, వెనక ఎత్తు పెట్టుకునే ఫ్యాషన్ వచ్చేసరికి శాలువా దాని మీద కుదరలేదు. నేత పోయింది.

ఊరు మాత్రం పోలేదు, ఎందుకంటే అప్పటికే కుట్టు దారం దాన్ని నిలబెట్టింది. నెపోలియన్ దిగ్బంధంతో మగ్గాలకి కావలసిన పట్టు దారం అందకపోతే, పాట్రిక్ క్లార్క్ నూలుతోనే అంత నునుపైన దారం పేనాడు. అదే కుట్టు దారమైంది. క్లార్క్‌లది యాంకర్ మిల్లు, కోట్స్‌ వారిది ఫెర్గుస్లీ మిల్లు. 1896లో రెండు సంస్థలూ ఒకటయ్యాయి. మన దర్జీ దుకాణాల్లో రీలు మీద కనపడే మదురా కోట్స్ పేరులోని కోట్స్ వీళ్లే. 1871లో మ్యూజియం, 1882లో టౌన్ హాలు, 1883లో వేధశాల, 1894లో థామస్ కోట్స్ స్మారక చర్చి, అన్నీ దారం డబ్బే. చర్చి చాలా పెద్దదే, కానీ ప్రార్థనకి వచ్చే జనం తగ్గిపోయి 2018లో మూసుకోవలసి వచ్చింది. మిల్లుల్లో పనిచేసినవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లు. ఆ కట్టడాల మీద వాళ్లలో ఎవరి పేరూ లేదు. ఫెర్గుస్లీలోని పెద్ద స్పిన్నింగ్ మిల్లుని 1990ల మొదట్లో కూలగొట్టారు. యాంకర్‌లోని ఫినిషింగ్ మిల్లు ఫ్లాట్లయింది. కూల్చడం కంటే నయమే.

ఇప్పటికీ ఏటా జులై మొదటి శనివారం స్మా షాట్ పండగ చేస్తారు. నేతగాళ్లని పిలవడానికి అప్పట్లో వాయించిన చార్ల్‌స్టన్ డోలు ముందు నడుస్తుంది, వెనక ఊరేగింపు. చివర ‘కార్క్’ అనే బొమ్మని తగలబెడతారు. కార్క్ అంటే నేతగాళ్లు షావుకారుకి పెట్టిన పేరు. మా వైపు పువ్వు పేకకీ నేల పేకకీ కలిపి మజూరీ ఒకటే అనే షావుకార్లు ఇంకా ఉన్నారు. జులైలో వాళ్లని ఆ ఊరికి విహారయాత్రకి పంపాలి.