చిట్టా ఆగకుండా చోటు మారిన డేటాబేస్

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు ఊరికి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. సర్వరు ఎంత గట్టిదైనా అది ఉన్న ఊరే చీకటైతే ఏం లాభం? అందుకే బ్యాంకులూ, ఆస్పత్రులూ, ప్రభుత్వ శాఖలూ తమ డేటాకు దూరంగా వేరే ఊళ్లో ఇంకో సర్వరును నిలబెట్టుకుంటాయి. ఐటీవాళ్లు దాన్ని డీఆర్ అంటారు, డిజాస్టర్ రికవరీకి పొట్టిపేరు. అసలు సర్వరు పడిపోయిన రోజున ఇది లేచి పని అందుకోవాలి.

ఇంతవరకూ చాలామందికి తెలిసిందే. అయితే ఈ కాపలా సర్వరుకూ వయసు మీదపడుతుంది. సాఫ్ట్‌వేర్ పాతబడుతుంది, యంత్రమూ పాతబడుతుంది. రెండింటినీ ఒకే ఊపులో మార్చాలి, మారుస్తున్నంతసేపూ కాపలా తప్పకూడదు. ఈ పని ఎంత ఒడుపుగా చేయొచ్చో చూడాలంటే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్‌ను 17వ వెర్షన్ నుంచి 18కి, పాత యంత్రం నుంచి కొత్త యంత్రానికి తరలించే తీరును విప్పి చూడాలి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, పొట్టిగా పోస్ట్‌గ్రెస్, ఎవరైనా ఉచితంగా వాడుకోగల సాఫ్ట్‌వేర్. అంతర్జాల కాలంలో కొత్తవాటికి దొరికిన మెప్పు దీనికి ఆలస్యంగా దొరికింది గానీ, పనితనంలో దీనికి సాటి వచ్చేవి తక్కువని నా అభిప్రాయం.

మొదట దాని గుండెకాయ. పాతకాలపు వర్తకుడి దగ్గర రెండు పుస్తకాలుండేవి. జరిగింది జరిగినట్టు వరసగా రాసుకునే చిట్టా ఒకటి, ఖాతాలవారీగా తేల్చి ఎక్కించే ఆవర్జా ఇంకొకటి. పోస్ట్‌గ్రెస్ కూడా అంతే. మార్పు ఏదైనా ముందు వాల్ అనే చిట్టాలోకి ఎక్కుతుంది. ఆ రాత డిస్కు మీద భద్రంగా పడ్డాకే, మీ లావాదేవీ అయిపోయిందని జవాబు వస్తుంది. టేబుళ్లున్న ఆవర్జా పేజీలు తర్వాత తీరుబడిగా డిస్కుకు చేరతాయి. మధ్యలో కరెంటు పోతే, చిట్టా చదువుకుంటూ వచ్చి ఆవర్జాను సరిచేస్తుంది. చిట్టా 16 మెగాబైట్ల ఫైళ్లుగా, ఆవర్జా 8 కిలోబైట్ల పేజీలుగా ఉంటాయి.

చిట్టాలో ప్రతి రాతకూ ఒక స్థానసంఖ్య ఉంది. దాని పేరు ఎల్‌ఎస్‌ఎన్. 64 బిట్ల ఈ సంఖ్యను మధ్యలో ఏటవాలు గీత పెట్టి 2/40000128 లాగా రాస్తారు. ఇది ఉత్త క్రమసంఖ్య కాదు, చిట్టా మొదలైన దగ్గర్నుంచి ఎన్ని బైట్లు రాశారో చెప్పే కొలత. రెండు ఎల్‌ఎస్‌ఎన్‌లను ఒకదాన్లోంచి ఒకటి తీసేస్తే మధ్య దూరం బైట్లలో వస్తుంది. డీఆర్ ఎంత వెనకబడి ఉందో అంచనా వేయనక్కర్లేదు, తీసివేత చేస్తే చాలు.

అసలు సొగసు పేజీలో ఉంది. ప్రతి 8 కిలోబైట్ల పేజీ మొట్టమొదటి 8 బైట్లలో, ఆ పేజీని ఆఖరున మార్చిన చిట్టా రాత తాలూకు ఎల్‌ఎస్‌ఎన్ ఉంటుంది. పేజీని డిస్కుకు పంపే ముందు, దాని నెత్తిన ఉన్న సంఖ్య వరకూ చిట్టా డిస్కుకు చేరిందా అని చూస్తారు. చేరకపోతే పేజీ ఆగాల్సిందే. రికవరీలోనూ అదే సంఖ్య తూకం: చిట్టా రాత కన్నా పేజీ మీది సంఖ్య పెద్దదో సమానమో అయితే ఆ మార్పు అప్పటికే పడిందని అర్థం, దాటేస్తారు. ఏది రాయాలి, ఏది రాయొద్దు అన్న నిర్ణయానికి ఎక్కడా వేరే పట్టీ లేదు. తర్వాత జరిగే తరలింపంతా ఈ ఒక్క సంఖ్య మీద నమ్మకంతోనే నడుస్తుంది.

మామూలు రోజుల్లో డీఆర్‌గా నిలిచే కాపలా సర్వరు, అంటే స్టాండ్‌బై, పని తేలిక. పీజీ బేస్‌బ్యాకప్‌తో అసలు సర్వరు డేటా మొత్తం నకలు తీస్తారు. అందులో స్టాండ్‌బై డాట్ సిగ్నల్ అనే ఖాళీ ఫైలు పెడతారు. లోపల ఒక్క అక్షరం ఉండదు. అది ఉందంటే చాలు, సర్వరు తనంతట తాను రాతలకు దిగకుండా, వైరు మీద వస్తున్న చిట్టాను చదువుకుంటూ తన పేజీలను మార్చుకుంటూ పోతుంది. దూరం ఎక్కువైతే, అటునుంచి సరే అనే కబురు వచ్చేదాకా ప్రతి లావాదేవీనీ ఆపడం బరువు. విశాఖకూ హైదరాబాద్‌కూ మధ్య ఫైబర్ 600 కిలోమీటర్లనుకుంటే, అందులో కాంతికి పోనూరానూ 6 మిల్లీసెకన్లు. అందుకని చాలాచోట్ల డీఆర్‌ను కాస్త వెనక నడవనిస్తారు.

చిక్కు ఇక్కడ మొదలవుతుంది. ఈ చిట్టా రాతలు బైట్ల భాషలో ఉంటాయి: ఫలానా ఫైలు, ఫలానా పేజీ, ఫలానా చోట ఈ బైట్లు పెట్టు. 17 రాసిన చిట్టాను 18 చదవలేదు. చిన్న దిద్దుబాట్ల విడుదలలకు పేచీ లేదు. అక్కడ ముందు స్టాండ్‌బైనే మార్చమంటారు, ఎందుకంటే పాతదాని చిట్టాను కొత్తది చదవగలిగినంత నిబ్బరంగా కొత్తదాని చిట్టాను పాతది చదవలేకపోవచ్చు. 17, 18 లాంటి మేజర్ వెర్షన్ల దగ్గర ఆ వెసులుబాటు లేదు. అంటే డీఆర్‌ను ఒక్కదాన్నే 18కి మార్చడం కుదరదు. మారితే అసలు సర్వరూ డీఆర్ కలిసి మారాలి. కలిసి మారుస్తుంటే మధ్యలో కాపలా ఎవరిది?

దీనికి విరుగుడు, అదే చిట్టాను ఇంకో భాషలో చదవడం. 2014లో వచ్చిన 9.4 వెర్షన్ బైట్ల రాతలను విప్పి, ఫలానా టేబుల్లో ఈ తాళంచెవి ఉన్న వరసలో ఈ గడి ఇప్పుడిది అని మళ్లీ చెప్పగల లాజికల్ డీకోడింగ్‌ను తెచ్చింది. 2017లో 10వ వెర్షన్ దాన్ని పూర్తి రెప్లికేషన్‌గా డేటాబేస్‌లోనే కలిపింది. ఈ భాషకు వెర్షన్ల గోడ అడ్డు కాదు. 17 వరకూ మామూలు అమరికలో, ఒక లావాదేవీ తాలూకు మార్పులను కమిట్, అంటే ఖాయం, అయ్యేదాకా కూడబెట్టి, కమిట్ అయిన వరసలోనే పంపుతుంది. రద్దయిన లావాదేవీ అవతలికి కమిట్ అయినట్టుగా ఎన్నడూ చేరదు.

అయితే టెరాబైట్ల కొద్దీ ఉన్న టేబుళ్లను లాజికల్ దారిలో మొదటినుంచీ నకలు చేయాలంటే రోజులు పడుతుంది. బైట్ల దారి వేగం, లాజికల్ దారి వెసులుబాటు రెండూ కావాలి. 2024లో 17వ వెర్షన్‌తో వచ్చిన పీజీ క్రియేట్‌సబ్‌స్క్రైబర్ అనే పనిముట్టు ఆ రెంటికీ ముడివేసింది. ఆ ముడి వేసే తీరు నిదానంగా చూడదగ్గది.

కొత్త యంత్రంలో ముందు 17నే ఎక్కించి, పాత సర్వరుకు ఇంకో మామూలు స్టాండ్‌బైగా నిలబెడతారు. పాత డీఆర్‌ను ఎవరూ ముట్టుకోరు. కొత్తది చిట్టా అందుకుంటూ పాతదానికి దగ్గరగా వచ్చాక కొత్తదాన్ని ఆపి, పనిముట్టును నడుపుతారు. అది పాత సర్వరు మీద ఒక లాజికల్ స్లాటు తెరుస్తుంది. స్లాటు అంటే ఒక గుర్తు, ఈ ఎల్‌ఎస్‌ఎన్ తర్వాతి చిట్టాను నేను చెప్పేదాకా పారేయొద్దు అని. ఆ సంఖ్యనే తీసుకెళ్లి కొత్త యంత్రానికి గమ్యంగా ఇస్తుంది: సరిగ్గా ఇంతవరకే బైట్ల దారిలో చదువు, అక్కడ ఆగి స్టాండ్‌బై పాత్ర వదిలి స్వతంత్రుడివి కా. అది ఆ అంకె దగ్గరే ఆగుతుంది. తర్వాత లాజికల్ సబ్‌స్క్రిప్షన్‌ను, అంటే పాతదాని మార్పులను అందుకునే ఏర్పాటును, సృష్టించి, డేటా నకలు అక్కర్లేదని చెప్పి, మొదలుపెట్టాల్సిన చోటుగా మళ్లీ అదే సంఖ్యను పెడుతుంది. ఒక దారి ఎక్కడ ముగిసిందో రెండో దారి అక్కడే మొదలవుతుంది. ఏ వరసా తప్పిపోదు, ఏదీ రెండుసార్లు పడదు. ఆఖరున కొత్తదాని సిస్టమ్ గుర్తింపు సంఖ్యను కూడా మార్చేస్తుంది. పొరపాటున ఎప్పుడైనా పాతదాని బైట్ల చిట్టాను దీనికి తగిలించబోతే, నువ్వు నా జాతి కాదు పొమ్మంటుంది.

కొత్త యంత్రం అనగానే కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ కూడా వస్తుంది. దానితో చప్పుడు చేయని ఒక ప్రమాదమూ వస్తుంది. లైనక్స్‌లో అక్షరక్రమం తేల్చేది గ్లిబ్‌సీ అనే లైబ్రరీ. 2018 ఆగస్టులో వచ్చిన దాని 2.28 విడుదల ఆ క్రమాన్ని మార్చింది. అంతకుముందు అమెరికన్ ఇంగ్లిష్ క్రమంలో 11 ముందు, 1-1 తర్వాత వచ్చేవి. ఆ తర్వాత తారుమారయ్యాయి. ఇండెక్స్ అంటే క్రమంలో పేర్చిన జాబితా కాబట్టి, పాత క్రమంలో పేర్చినదాన్ని కొత్త క్రమంతో వెతికితే ఉన్న వరస లేదని వస్తుంది, రెండోసారి చేరడానికీ ఒప్పుకుంటుంది. డేటాబేస్ తన అక్షరక్రమం వెర్షన్‌ను రాసిపెట్టుకుని, తేడా వస్తే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక కనబడితే కొత్త యంత్రం మార్పులు అందుకోవడం మొదలుపెట్టకముందే అక్షరాల ఇండెక్స్‌లన్నీ తిరగ్గట్టాలి.

ఇప్పుడు కొత్త యంత్రంలో 17 లాజికల్ దారిన నడుస్తోంది. దాన్ని 18 చేసేది పీజీ అప్‌గ్రేడ్. ఇది ఒక పరిశీలన మీద నిలబడింది: వెర్షన్లు మారినప్పుడు డేటాబేస్ తన గురించి తాను రాసుకునే సిస్టమ్ క్యాటలాగ్ మారుతుంది గానీ, మన టేబుళ్ల ఫైళ్ల రూపం దాదాపుగా మారదు. కాబట్టి క్యాటలాగ్‌ను మాత్రం 18లో కొత్తగా రాసి, టేబుళ్ల ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టే దానికి అప్పగిస్తుంది. లింక్ పద్ధతిలోనైతే ఫైలును నకలు కూడా చేయదు, అదే ఫైలుకు రెండో పేరు తగిలిస్తుంది. అందుకే పెద్ద డేటాబేస్ కూడా నిమిషాల్లో మారుతుంది.

వినడానికి తేలిక. లోపల ఎంత జాగ్రత్త ఉందో చూడండి. ముందే ఖాయం చేసిన జాబితాలోని విలువలే పట్టే ఎనమ్ రకం గడుల్లో అక్షరాలు ఉండవు, ఆ విలువకు క్యాటలాగ్ ఇచ్చిన అంతర్గత సంఖ్య ఉంటుంది. కొత్త క్యాటలాగ్ వేరే సంఖ్యలిస్తే డేటా అంతా అర్థం మారిపోతుంది. అందుకని పీజీ అప్‌గ్రేడ్ ఆ సంఖ్యలను పట్టుబట్టి పాతవే ఇప్పిస్తుంది. ప్రతి వరస మీదా దాన్ని రాసిన లావాదేవీ సంఖ్య ఉంటుంది, అది కమిట్ అయిందో లేదో చెప్పే రికార్డు వేరేచోట ఉంటుంది. ఆ రికార్డునూ తెచ్చి, కొత్తదాని లావాదేవీల లెక్కను పాతది ఆగిన చోటునుంచే నడిపిస్తుంది. లింక్ పద్ధతిలో పాత 17 పొరపాటున మళ్లీ లేచి అవే ఫైళ్లు పాడుచేయకుండా, దాని పీజీ కంట్రోల్ ఫైలు పేరు చివర డాట్ ఓల్డ్ అని చేర్చి నోరు కట్టేస్తుంది. ఏదైనా తేడా కొడితే? పాత యంత్రం ఇంకా ఖాతాదారులకు సేవలందిస్తూనే ఉంది, పాత డీఆర్ దాని వెనకే ఉంది. కొత్తదాన్ని చెరిపేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు.

18లో ఒక గడుసు మార్పు ఉంది. కొత్తగా కట్టే డేటాబేస్‌కు, పేజీ చెడితే పట్టించే చెక్‌సమ్‌లు అడక్కుండానే వస్తాయి. పాతదానికి అవి లేకపోతే పీజీ అప్‌గ్రేడ్ జత కలపనంటుంది. ఆపి ఉన్న కొత్త యంత్రం మీద ముందే చెక్‌సమ్‌లు వేసుకోవడం మంచి పద్ధతి. మరో మేలు, క్వెరీలకు దారి చూపించే గణాంకాలు ఇదివరకు అప్‌గ్రేడ్‌లో పోయేవి. 18కి మారేటప్పుడు చాలావరకు వెంట వస్తాయి.

అప్‌గ్రేడ్ జరుగుతున్నంతసేపూ సబ్‌స్క్రిప్షన్ ఆగి ఉంటుంది, పాత సర్వరు స్లాటు చిట్టాను పట్టుకుని కూర్చుంటుంది. 18 లేచాక ఎక్కడినుంచి అడగాలి? ఎంతవరకు అందుకున్నానన్న సంఖ్యను సబ్‌స్క్రైబర్ పక్క కాగితం మీద రాసుకోదు. ప్రతి లావాదేవీ కమిట్ రాతలోనే, మూలం తాలూకు ఎల్‌ఎస్‌ఎన్‌ను కలిపి తన చిట్టాలో రాస్తుంది. మార్పూ, దాని గుర్తూ కలిసే పడతాయి, లేదా రెండూ పడవు. 17 నుంచి బయల్దేరే పీజీ అప్‌గ్రేడ్ ఈ గుర్తును కూడా మోసుకొస్తుంది. ఇంతకుముందు వెర్షన్లలో ఇది తెగిపోయేది.

కొత్త 18 ఇంకా సబ్‌స్క్రైబర్‌గా ఉండగానే దానికి వేరే ఊళ్లో కొత్త స్టాండ్‌బైని కడతారు. కట్ ఓవర్‌కు, అంటే పనిని కొత్తదానికి అప్పగించడానికి, ముందే కాపలా సిద్ధం. ఈ వరసక్రమమే నాకు మొత్తంలో అన్నిటికన్నా నచ్చింది. పాత జంట, కొత్త జంట రెండూ పూర్తిగా బతికి ఉన్న సమయంలోనే మార్పిడి జరుగుతుంది.

కట్ ఓవర్ ఘడియలో చేసేవి కొద్ది పనులే. పాతదాని మీద రాతలు ఆపుతారు. అక్కడి ఆఖరి ఎల్‌ఎస్‌ఎన్‌ను కొత్తది దాటిందా అని చూస్తారు. వరస నంబర్లిచ్చే సీక్వెన్స్‌లను ముందుకు జరుపుతారు, ఎందుకంటే లాజికల్ దారి 18 వరకూ వరసలను మోస్తుంది గానీ సీక్వెన్స్ విలువలను మోయదు. మరిచిపోతే కొత్త సర్వరు పాత బిల్లు నంబర్లే మళ్లీ ఇవ్వబోయి తడబడుతుంది. టేబుళ్ల నిర్మాణంలో మార్పులూ ఈ దారిన రావు, అందుకే ఆ వారమంతా నిర్మాణం జోలికి వెళ్లరు. చివరగా ఎదురు దిశలో, కొత్తదాని నుంచి పాతదానికి ఒక సబ్‌స్క్రిప్షన్ పెడతారు. 16వ వెర్షన్‌లో వచ్చిన ఆరిజిన్ అమరిక, వచ్చిన మార్పు తిరిగి తన దగ్గరికే వచ్చి గుండ్రంగా తిరగకుండా ఆపుతుంది. కొత్తది నచ్చకపోతే డేటా పోకుండానే వెనక్కి వెళ్లొచ్చు.

మైకేల్ స్టోన్‌బ్రేకర్ బృందం బర్కిలీలో 1986లో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. వాల్ 2001లో, 7.1తో వచ్చింది. చిట్టాను వైరు మీద స్టాండ్‌బైకి పంపడం 2010లో, 9.0తో వచ్చింది. పడిపోయిన సర్వరు లేవడానికి రాసుకున్న చిట్టానే, దాన్ని పారేయకుండా, డీఆర్‌కూ, వెర్షన్ దాటడానికీ, ఇల్లు మారడానికీ పనికొచ్చేలా తర్వాతివాళ్లు మలిచారు.

ఈ పని తలపెట్టేవారికి ఒక మాట. తిరిగి వెళ్లే అవసరం లేదని తేలిన రోజునే పాత స్లాటులన్నీ తీసేయండి. ఎవరూ చదవని స్లాటు చిట్టాను వదలదు, మామూలు అమరికలో దానికి హద్దూ లేదు, డిస్కు నిండి సర్వరు ఆగిపోతుంది. ఆ తర్వాత కొత్త డీఆర్‌తో ఒక డ్రిల్ చేసి చూడండి. 17కు మద్దతు 2029 నవంబరు వరకే.