ఆరు బోల్టుల చక్రం

పాత మాజ్డా ఎంఎక్స్-5 నడిపినవాళ్ళు దాని గేరు కడ్డీని మెచ్చుకుంటారు, స్టీరింగును మెచ్చుకుంటారు. ఇంజనుకూ గేరుబాక్సుకూ నడుమ చీకట్లో తిరిగే ఫ్లైవీల్ మాట ఎత్తేవాళ్ళు అరుదు. ఆ చక్రాన్ని ఒక ఇంటి గరాజులో విప్పి, మార్చి, మళ్ళీ బిగించడం మొదటి నుంచి చివరిదాకా దగ్గరుండి చూశాను. ఆ కారు మీద చేసే పనుల్లో ఇంత శుభ్రత, ఇంత ఓపిక అడిగేది మరొకటి ఉండదని నాకు గట్టి నమ్మకం కుదిరింది.

1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో ఈ కారును మొదటిసారి చూపించారు. తయారైంది హిరోషిమాలో. రెండే సీట్లు, 1.6 లీటర్ల ఇంజను, ఐదు గేర్లు, వెనక చక్రాలకు శక్తి, టన్నుకు లోపు బరువు. 2016 నాటికి అన్ని తరాలూ కలిపి పది లక్షల కార్లు తయారయ్యాయి. అమెరికాలో సొంత చేతులతో కారు బాగుచేసుకునే అలవాటున్నవాళ్ళకు ఇది ప్రాణం. ఎందుకంటే దీన్ని కట్టినవాళ్ళు విప్పేవాళ్ళ చేతుల్ని కూడా దృష్టిలో పెట్టుకున్నారు.

ఫ్లైవీల్ చేసే పని పైకి చాలా చిన్నది. నాలుగు సిలిండర్ల ఇంజనులో క్రాంక్ షాఫ్ట్ ఒక చుట్టు తిరిగేలోగా రెండుసార్లే ఇంధనం మండుతుంది. ఆ రెండు తోపులకూ నడుమ తిరుగుడు మందగించకుండా కాపాడేది ఈ ఇనుప చక్రం బరువే. కుమ్మరి సారె కూడా చేసేది ఇదే. కర్రతో ఒక తోపు తోసి వదిలితే కుండ రూపు కట్టేదాకా తిరుగుతుంది. కాకపోతే కారులో దీనికి ఇంకో రెండు బాధ్యతలున్నాయి. అంచు చుట్టూ ఉన్న పళ్ళను పట్టుకునే స్టార్టర్ మోటారు ఇంజనును తిప్పుతుంది. వెనక వైపు నున్నటి ముఖానికి క్లచ్ ప్లేటు ఒత్తుకుని శక్తిని అందుకుంటుంది.

బరువు తగ్గిస్తే ఇంజను వేగం చప్పున పెరుగుతుంది, చప్పున తగ్గుతుంది. అందుకే స్పోర్ట్స్ కారు యజమానులు తేలిక ఫ్లైవీల్ వైపు చూస్తారు. ఎంత లాభమో లెక్క వేసి చూడొచ్చు. చక్రంలోంచి 4 కిలోలు తీసేశామనీ, ఆ బరువు కేంద్రానికి సగటున 9 సెంటీమీటర్ల దూరంలో ఉండేదనీ అనుకుందాం. ఈ కారులో మొదటి గేరు నిష్పత్తి 3.136, వెనక డిఫరెన్షియల్ ది 4.3. రెండూ గుణిస్తే సుమారు 13.5. దాని ప్రభావం వర్గంగా పెరుగుతుంది కాబట్టి, మొదటి గేరులో వేగం అందుకునేటప్పుడు కారు బరువు దాదాపు 70 కిలోలు తగ్గినంత ఫలితం. అదే ఐదో గేరులో 5 కిలోలు కూడా ఉండదు. ఇంజను శక్తి మాత్రం ఒక్క గుర్రం కూడా పెరగదు. ఈ సంగతి తెలియకుండా డబ్బు పెట్టి తర్వాత నిరాశపడేవాళ్ళు ఉన్నారు.

నేను చూసింది ఒహాయోలో మా పొరుగున ఉండే ఒక అమెరికన్ పెద్దాయన పని. ఆయన వృత్తిరీత్యా మెకానిక్ కాదు. పాత ఫ్లైవీల్ ముఖం మీద అక్కడక్కడ నీలిరంగు మచ్చలు, వాటి చుట్టూ సన్నని చీలికలు. క్లచ్ జారి జారి పుట్టిన వేడి గుర్తులవి. మచ్చలు మాత్రమే ఉంటే లేత్ మీద పెట్టి ముఖం సాపు చేయించుకోవచ్చు. చీలికలు లోతుగా ఉండటంతో ఆయన కొత్తది తెచ్చారు.

గేరుబాక్సు దించడం గురించి ఎక్కువ చెప్పను. కారును నాలుగు బలమైన స్టాండ్ల మీద నిలబెట్టాలి. ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరకూడదు, ఇందులో మినహాయింపు లేదు. గేరు కడ్డీని లోపల్నుంచి తీయాలి, ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పేముందు రెండు అంచుల మీదా గుర్తు పెట్టుకోవాలి. ఈ కారులో గేరుబాక్సునూ డిఫరెన్షియల్‌నూ కలుపుతూ పొడవాటి అల్యూమినియం దూలం ఒకటుంటుంది. అది విప్పగానే రెండు కొసలూ కిందికి వాలతాయి కనుక ముందే ఆనిక ఇవ్వాలి. గేరుబాక్సు పైభాగంలోని బోల్టులు చేతికి అందవు. ఎక్స్‌టెన్షన్లు ఒకదానికొకటి తగిలించి, వెనక తోక వైపు నుంచి, కంటికి కనబడని బోల్టు తలను వేలి కొసతో తడిమి పట్టుకోవాలి. అక్కడ తొందరపడితే తల అరిగిపోతుంది.

అసలు పనితనం ఫ్లైవీల్ ఊడి వచ్చాక మొదలైంది. దాని వెనక క్రాంక్ షాఫ్ట్ చుట్టూ ఒక ఆయిల్ సీల్ ఉంటుంది. పెద్దాయన పాత సీలును ఊడబెరికేటప్పుడు స్క్రూడ్రైవరు కొసకు గుడ్డ చుట్టారు. షాఫ్ట్ మీద గోటి గీతంత గీత పడినా కొత్త సీలు కూడా కారుతుంది. కొత్తదాని పెదవికి కాస్త ఇంజను ఆయిల్ రాసి, చుట్టూ తిరుగుతూ కొద్దికొద్దిగా తట్టుతూ, అంచు సమానంగా వచ్చేదాకా దింపారు.

తర్వాత బోల్టులు. ఫ్లైవీల్‌ను క్రాంక్ షాఫ్ట్‌కు పట్టి ఉంచేవి ఆరంటే ఆరు. ఆ రంధ్రాలు ఇంజను లోపలికి తెరుచుకుని ఉంటాయి. మరల మధ్య సందు మిగిలితే ఆయిల్ ఆ దారినే ఊరి నేరుగా క్లచ్ మీదికి చేరుతుంది. అందుకని ఒక్కో రంధ్రాన్నీ సన్న బ్రష్షుతో తోమి, బ్రేక్ క్లీనర్ కొట్టి, ఆరనిచ్చారు. బోల్టు మరలకు సీలెంటు పలచగా, గాడి నిండేంత మాత్రమే రాశారు. ఆరింటినీ ముందు చేత్తో తిప్పి, తర్వాత ఎదురెదురుగా మూడు విడతల్లో బిగించుకొచ్చారు. చివరి బిగింపు టార్క్ రెంచితో 96 నుంచి 103 న్యూటన్ మీటర్ల మధ్య. రెంచి క్లిక్కుమన్నాక మరో నూలు కూడా లాగలేదు. బలం ఉన్నవాడికి ఇంకాస్త బిగించాలని చెయ్యి దురద పెడుతుంది. దాన్ని ఆపుకోవడమే ఇక్కడి నేర్పు.

కొత్త చక్రం తుప్పు పట్టకుండా కంపెనీ వాళ్ళు పూసిన నూనెను తుడవడానికి పట్టినంత సేపు బోల్టులకు కూడా పట్టలేదు. గుడ్డ మార్చి మార్చి, చివరి గుడ్డ తెల్లగా మిగిలేదాకా తుడిచారు. ఆ ముఖం మీద జిడ్డు వేలిముద్ర మిగిలితే క్లచ్ వదిలిన ప్రతిసారీ కారు వణుకుతుంది. క్లచ్ ప్లేటును మధ్యకు సరిచేసే ప్లాస్టిక్ కడ్డీ పెట్టి ప్రెషర్ ప్లేటు బిగించాక, గేరుబాక్సును మళ్ళీ పైకెత్తారు. అది చివరి అంగుళం దగ్గర ఆగింది. చాలామంది ఇక్కడే బోల్టులు వేసి లాగేస్తారు. ఆ బలవంతానికి గేరుబాక్సు ముందువైపు తొడుగైన బెల్ హౌసింగ్ చెవులు విరుగుతాయి, క్లచ్ ప్లేటు వంగుతుంది. ఆయన గేరు వేసి, వెనక షాఫ్ట్‌ను వేళ్ళతో కాస్త తిప్పి, గేరుబాక్సు కోణాన్ని ఇంజనుతో సరిచూశారు. పళ్ళు పళ్ళల్లో పడి బాక్సు దానంతటదే లోపలికి జరిగింది. గంటల లెక్కన కూలి కట్టే షాపులో ఈ తీరిక దొరకడం కష్టం. ఇంట్లో చేసుకునేవాడికి ఉన్న అసలైన బలం అదే.

మరి ఏ చక్రం ఎంచుకోవాలి? ఆయన తెచ్చింది కంపెనీదానికన్నా కొద్దిగా తేలికైన ఉక్కు చక్రం. రోజూ రోడ్డు మీద తిరిగే కారుకు అదే తగినదని నేనూ అంటాను. బాగా తేలికైన అల్యూమినియం చక్రం రేసు ట్రాకు మీద ముచ్చటగా ఉంటుంది. కానీ ట్రాఫిక్‌లో ఆగి ఆగి కదిలేటప్పుడు ఇంజను ఆగిపోతుంటుంది, ఆగి ఉన్నప్పుడు గేరుబాక్సులోంచి గలగల చప్పుడొస్తుంది. ఇప్పటి చాలా కార్లలో లోపల స్ప్రింగులతో రెండు భాగాలుగా ఉండే ఫ్లైవీల్ వస్తోంది. దాన్ని ఇలా లేత్ మీద సాపు చేయడం చాలావరకు కుదరదు, చెడితే మొత్తం మార్చాల్సిందే.

క్లచ్ కోసం గేరుబాక్సు దించేవాళ్ళకు ఒక్క మనవి. ఫ్లైవీల్‌ను కూడా విప్పి చూడండి, దాని వెనక సీలునూ, నడుమ ఉన్న పైలట్ బేరింగునూ అప్పుడే మార్చేయండి. వాటి ఖరీదు తక్కువ, వాటికోసం మళ్ళీ గేరుబాక్సు దించే శ్రమ చాలా ఎక్కువ.