జోకు వెనక దాచిన ఆధారం

బద్వేలు ఎండలకు మధ్యాహ్నం గడప దాటబుద్ధి కాదు. అప్పుడు చేతికి దొరకాల్సింది మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల ‘చంటబ్బాయ్’. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్‌ గంభీరంగా కేసులు ఛేదించిన తెలుగులోనే ఈ నవ్వుల డిటెక్టివ్ పుట్టాడు. 1986లో జంధ్యాల ఆ నవలను సినిమాగా తీస్తే చిరంజీవి డిటెక్టివ్ జేమ్స్‌ పాండ్ అయ్యాడు.

నవ్విస్తూ చిక్కుముడి వేయడం మామూలు పనితనం కాదు. అసలు ఆధారాన్ని జోకు వెనక దాచాలి. పాఠకుడు నవ్వుకుంటూ దాన్ని దాటిపోవాలి. చివర్లో ‘అరె, ముందే చెప్పినాడు కదప్పా!’ అని పేజీలు వెనక్కి తిప్పుకోవాలి. 

సిద్ధవటం రోడ్డులో తప్పిపోయిన బర్రెను వెతికే ఇలాంటి డిటెక్టివ్‌ కథ ఎవరైనా మా యాసలో రాస్తే, మొదటి కాపీ నేనే కొంటా.