స్ట్రైకర్ ఆగే చోటు

క్యారమ్స్ బోర్డు చుట్టూ మూగినవాళ్లందరి కళ్లూ కాయిన్ మీదే ఉంటాయి. అది హోల్‌లో పడిందా, ఈలలు, పడలేదా, నిట్టూర్పులు. ఆ గోలలో స్ట్రైకర్ ఎటు పోతోందో గమనించేవాడు ఏ ఒక్కడో ఉంటాడు. వాడికి బోర్డు ఇచ్చి చూడండి, మిగతావాళ్లంతా నోళ్లు మూసుకుంటారు.

మా త్రిపురాంతకంలో అలాంటి దర్జీ ఒకాయన ఉండేవాడు. మధ్యాహ్నం మిషన్ ఆపి అరుగు మీదికి వచ్చేవాడు. కొట్టబోయే ముందు బోర్డు మీద ఒకచోటికి గడ్డం చూపించి “ఈడ ఆగుద్ది” అనేవాడు. కాయిన్ మాట ఎత్తేవాడే కాదు. కాయిన్ పడటం ఆయన దృష్టిలో చెప్పుకోదగ్గ సంగతి కాదు మరి. ఒకరోజు ఎడమ మూలన తెల్ల కాయిన్, దాని అవతల ఫ్రేముకు అతుక్కుని రెడ్, రెడ్‌కు అడ్డంగా నల్ల కాయిన్. ఎవరైనా తెల్లది వేసుకుని ఊరుకుంటారు. ఈయన తెల్లదాన్ని అంచున తాకించాడు. అది మూలకు పోయింది. స్ట్రైకర్ తన దారిన సాగి నల్లదాన్ని పక్కకు తోసి, ఆ ఊపుతోనే రెడ్‌ను ఫ్రేము నుంచి విడదీసి, ఆయన చెప్పిన చోటే ఆగింది. తర్వాతి దెబ్బకు రెడ్, ఆ తర్వాత ఫాలో. మా కొండ మీది త్రిపురాంతకేశ్వరుడు ఒక్క బాణంతో మూడు పురాలు కూల్చాడంటే చిన్నప్పుడు కథ అనుకునేవాణ్ణి. ఆ అరుగు మీద చూశాక అనుమానం పోయింది.

పూల్, స్నూకర్ ఆడేవాళ్లు ఇక్కడో మాట అంటారు. వాళ్ల ఆటలో తెల్ల బంతి ఎక్కడ ఆగితే అక్కణ్ణుంచే మళ్లీ కొట్టాలి కాబట్టి, ఢీకొన్నాక అది ఎటు పోతుందన్నదే ఆట మొత్తం. క్యారమ్స్‌లో స్ట్రైకర్‌ను ప్రతిసారీ చేతిలోకి తీసుకుని గీత మీద పెట్టుకుంటారు గదా, అది ఎక్కడ ఆగితే ఏం? ఈ మాట అన్నవాడు గట్టి పోటీ ఒక్కటీ ఆడి ఉండడు. స్ట్రైకర్ హోల్‌లో పడితే మైనస్. వంతు పోతుంది, సంపాదించుకున్న కాయిన్ ఒకటి తిరిగి బోర్డు మధ్యకు వస్తుంది. అది మొదటి సంగతి. కాయిన్ పడ్డాక స్ట్రైకర్ పోయే దారిలో మన కాయిన్ ఉంటే చెదిరి పాడవుతుంది, అవతలివాడి కాయిన్ ఉంటే వాడికి దారి తెరుచుకుంటుంది. ఇది రెండోది. ఇరుక్కుపోయిన కాయిన్‌ను అదే దెబ్బతో విడదీసుకోవడం మూడోది. పెద్ద ఆటగాళ్లు గెలిచేది ఈ మూడోదానితోనే.

ఇక అసలు విద్యలోకి వద్దాం. పూల్ బల్ల మీది బంతులు అన్నీ ఒకే బరువు. తెల్ల బంతి దొర్లకుండా జారుతూ వెళ్లి ఇంకో బంతిని పక్కగా తాకిందంటే, రెండూ సరిగ్గా 90 డిగ్రీల ఎడంతో విడిపోతాయి. దొర్లుతూ వెళ్లి సగం బంతి మేర తాకితే తెల్ల బంతి దారి 30 డిగ్రీల పైచిలుకు వంగుతుంది. నేరుగా తాకితే, దొర్లుడు లేకపోతే, ఉన్నచోటే నిలబడిపోతుంది. కింద కొట్టి వెనక్కి తిరిగే సుడి ఇస్తే వెనక్కి వస్తుంది. కొరియోలిస్ అనే ఫ్రెంచి గణితవేత్త 1835లోనే దీని మీద ఒక పుస్తకం రాశాడు. ఈ విద్యలో ఆరితేరిన ఫిలిప్పీన్స్ ఎఫ్రెన్ రేయెస్ 1995లో స్ట్రిక్‌లాండ్ మీద, బంతి దారి మూసుకుపోయి ఉండగా, రెండు అంచులకు కొట్టి తిప్పి తెచ్చిన షాట్‌ను ఇవాళ్టికీ చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి. నాకేమీ కడుపుమంట లేదు.

క్యారమ్స్ లెక్క వేరు, మరీ గమ్మత్తుగా ఉంటుంది. అంతర్జాతీయ నియమాల ప్రకారం స్ట్రైకర్ 15 గ్రాములు మించకూడదు. కాయిన్ బరువు 5 నుంచి 5.5 గ్రాములు. అంటే కొట్టేది తగిలేదానికి దాదాపు మూడింతలు. ఈ ఒక్క తేడాతో అంతా మారిపోతుంది. విడిగా ఉన్న కాయిన్‌ను కొట్టి స్ట్రైకర్ వెనక్కి రావడమనేది ఉండదు, ఆగిపోవడమూ ఉండదు. కాయిన్ ఫ్రేముకో ఇంకో కాయిన్‌కో ఆనుకుని ఉంటేనే ఆ ముచ్చట. విడి కాయిన్ అయితే స్ట్రైకర్ ఎప్పుడూ ముందుకే పోతుంది. దారి వంగడం కూడా కొంచెమే. ఎంత చాకచక్యంగా కొట్టినా 20 డిగ్రీలకు అటూ ఇటూ దాకానే, ఆపైన వంగదు. నిండుగా తగిలితే దాదాపు వంగదు, వేగం సగానికి సగం పోతుంది. బాగా పల్చగా తగిలినా వంగదు, వేగం మాత్రం నిలుస్తుంది. ఈ రెండింటికీ నడుమ, స్ట్రైకర్ మధ్యభాగం కాయిన్ అంచుకు రవ్వంత బయటగా పోయేట్టు కొట్టినప్పుడే గరిష్ఠంగా వంగుతుంది. అప్పుడు కాయిన్ ఒక పక్కకు 35 డిగ్రీలు, స్ట్రైకర్ రెండో పక్కకు 20 డిగ్రీలు. ఆ రెండు దారుల నడుమ కోణం 55. పట్నంలో పూల్ ఆడి వచ్చిన కుర్రాళ్లు 90 డిగ్రీలు విడిపోతుందని నమ్మి కొట్టి, స్ట్రైకర్ హోల్ వైపు వయ్యారంగా నడిచిపోతుంటే తల పట్టుకుంటారు. ఆ దృశ్యం చూడటం నాకు మహా ఇష్టం.

నేరు దెబ్బ గురించి ఇంకాస్త చెప్పుకోవాలి, మైనస్‌లు ఎక్కువ పుట్టేది అక్కడే. హోల్, కాయిన్, స్ట్రైకర్ మూడూ ఒకే గీతలో ఉన్నాయనుకోండి. కాయిన్ హోల్‌కు అడుగు దూరంలో ఉంది. అది హోల్ దాకా సరిగ్గా చేరేంత మెల్లగా కొడితే స్ట్రైకర్ తగిలిన చోటు నుంచి నాలుగైదు సెంటీమీటర్లు జరిగి ఆగిపోతుంది. వేగం రెట్టింపు చేస్తే స్ట్రైకర్ జరిగే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలు. మూడింతలు చేస్తే తొమ్మిదింతలు, అంటే అడుగు దాటి హోల్‌లో పడుతుంది. దబేల్‌మని కొట్టేవాళ్లకు ఈ లెక్క అర్థం కాదు. కాయిన్ పడింది గదా అని చేయి పైకెత్తేలోపు వెనకాలే స్ట్రైకర్ కూడా గుటుక్కుమంటుంది. మెల్లగా కొట్టేవాణ్ణి భయస్థుడంటారు చూడండి, నాకు ఒళ్లు మండుతుంది. మెల్లగా కొట్టి చేర్చాలంటే చేతిలో ఎంత కొలత ఉండాలి! గట్టిగా కొట్టడానికి ఏముంది, గోరు ఉంటే చాలు.

నేరు గీతలో తప్పనిసరిగా గట్టిగా కొట్టాల్సి వస్తే తెలివైనవాడు స్ట్రైకర్‌ను గీత మీద కాస్త పక్కకు జరుపుకుంటాడు. కాయిన్‌ను కొద్దిగా కట్ చేస్తే స్ట్రైకర్ దారి హోల్ నుంచి బెత్తెడు పక్కకు తప్పుకుని ఫ్రేముకు తగులుతుంది. బెత్తెడు కూడా అక్కర్లేదు. హోల్ వ్యాసం 4.45 సెంటీమీటర్లు, స్ట్రైకర్‌ది దాదాపు 4.13. నడుమ ఉన్న సందు మూడు మిల్లీమీటర్లే. అంత ఇరుకు దారిలో దాన్ని పడనివ్వకుండా తప్పించలేకపోతే తప్పు హోల్‌ది కాదు.

ఫ్రేముకు తగిలాక ఏమవుతుందన్నది ఇంకో అధ్యాయం. ఎంత కోణంలో తగిలిందో అంతే కోణంలో తిరిగి వస్తుందని పుస్తకం చెబుతుంది. బోర్డు అలా చెప్పదు. ఫ్రేము చెక్క గట్టిదైతే ఒకలా, మెత్తదైతే ఒకలా. వేలు కొసతో స్ట్రైకర్ పక్కను తోసి సుడి తిప్పితే ఇంకోలా. ఇది చెప్తే రాదు. ఆ బోర్డు మీద చేయి అరగాలి.

బోర్డు నడక వాతావరణాన్ని బట్టి ఉంటుంది. ఇక్కడ నా పక్షపాతం దాచుకోను. ఒంగోలు, చీరాల వైపు సముద్రపు తేమకు పౌడర్ ముద్దకట్టి బోర్డు బద్ధకిస్తుంది. మా మార్కాపురం, గిద్దలూరు, త్రిపురాంతకం పొడి నేల. వానలు పడవని ఏడుస్తాం గానీ, వేసవిలో మా బోర్డు మీద స్ట్రైకర్ నీళ్లమీద తేలినట్టు పోతుంది. వానాకాలంలో అయితే రేకు డూమ్ కింద బల్బు కిందికి దించి, దాని వేడితో బోర్డును ఆరనివ్వాలి. ఫ్యాన్ వేశారంటే పౌడరంతా లేచి కళ్లల్లో పడుతుంది. చెమట కారుతున్నా ఫ్యాన్ ఆపి ఆడేవాళ్లే అసలు ఆటగాళ్లు.

ఈ ఆట ఎక్కడ పుట్టిందంటే తలా ఒకటి చెబుతారు. పటియాలా ప్యాలెస్‌లో గాజు బోర్డు ఉందని ఒక మాట. మనదేశంలోనే పుట్టిందన్నది మాత్రం గట్టి నమ్మకం. స్నూకర్ కూడా 1875లో జబల్‌పూర్‌లో తెల్ల సైనికాధికారుల మెస్‌లో పుట్టిందే అంటారు. వాళ్లకు బల్ల ఉంది, మనకు అరుగు ఉంది.

బల్ల అంటే గుర్తొచ్చింది. బిలియర్డ్స్, స్నూకర్ బల్లల పచ్చ గుడ్డ కింద ఉండేది పలకరాయి. మట్టంగా ఉండి వంగదు కాబట్టి దాన్నే వాడతారు. పలకరాయికి పేరుమోసిన మార్కాపురం మాకు పక్కనే. ఆ గనుల రాయి మీద అఆలు దిద్దని తెలుగువాళ్లు ఓ తరంలో తక్కువ. ఇప్పుడు ప్లాస్టిక్ పలకలొచ్చి ఆ పరిశ్రమ చిక్కిపోయింది. క్యారమ్స్ బోర్డుకూ అదే గతి పడుతోంది.

పెద్దవాళ్ల ఆట చూసినవాడికి ఈ బాధ తెలుస్తుంది. చెన్నై మరియా ఇరుదయం 1991లో ఢిల్లీలో జరిగిన మొదటి ప్రపంచ పోటీలో గెలిచి, 1995లో కొలంబోలో మళ్లీ గెలిచాడు. ఈ ఆటకు అర్జున అవార్డు తెచ్చాడు. మన హైదరాబాద్ అపూర్వ 2016లో బర్మింగ్‌హామ్‌లో ప్రపంచ మహిళల సింగిల్స్ గెలిచింది. క్రికెటర్ చేతివేలు బెణికితే మొదటి పేజీలో వేసే పత్రికలు ఆమెకు ఎంత చోటిచ్చాయో నన్ను అడగకండి. 2024లో అమెరికాలో జరిగిన ప్రపంచకప్‌లో చెన్నై ఆటో డ్రైవర్ కూతురు కాజిమా మూడు బంగారు పతకాలు తెచ్చింది. ఈ స్థాయిలో వైట్ స్లామ్ కొడతారు. అంటే బ్రేక్ చేసినవాడు వంతు వదలకుండా తొమ్మిది తెల్లవీ, రెడ్డూ ఊడ్చేయడం. అవతలివాడు వేలు ఎత్తకుండానే బోర్డు అయిపోతుంది. కాయిన్లు పడేయగలిగినంత మాత్రాన స్లామ్ రాదు. ప్రతి దెబ్బకూ స్ట్రైకర్ గుంపులోంచి ఒక కాయిన్‌ను బయటికి లాగుతూ పోవాలి, పడాల్సినవాటిని మాత్రం కదపకూడదు. అది పది దెబ్బల ముందుచూపు.

ఇప్పుడు అంగట్లో దొరికే బోర్డులు చూడండి. అట్టలాంటి ప్లై, దాని మీద సినిమా హీరో బొమ్మ. 74 సెంటీమీటర్ల ఆట చదరం ఉండాల్సింది సగానికి కుదించారు. హోళ్లు పాతరల్లా ఉంటాయి. స్ట్రైకర్ బరువు ఎంతో చేసినవాడికే తెలియదు, కొన్ని కాయిన్ అంత తేలికగా ఉంటాయి. పైన చెప్పిన మూడింతల లెక్క అక్కడే చచ్చిపోయింది. బోరిక్ పౌడర్ బదులు ముఖానికి రాసుకునే పౌడర్ చల్లుతారు. బోర్డు ఒక వానాకాలానికే మధ్యలో కుంగుతుంది. అలాంటిదాని మీద నేర్చుకున్న పిల్లవాడు స్ట్రైకర్ ఎటు పోతుందో ఎలా చెబుతాడు? ఆ బోర్డుకే తెలియదు.

దీనికంటే పెద్ద ద్రోహం ఫోన్‌లో జరుగుతోంది. తెర మీద క్యారమ్స్, పూల్ రెండూ ఉన్నాయి. గురిపెట్టగానే గీత ప్రత్యక్షం. కాయిన్ ఇటు పోతుంది, స్ట్రైకర్ అటు పోతుంది అని యంత్రమే గీసి చూపిస్తుంది. ఇంక మిగిలిందేమిటి? వేలు లాగి వదలడం. కన్నూ చేయీ కలిసి ఏళ్ల తరబడి కూడబెట్టుకునే తెలివిని అది ఒక చుక్కల గీతతో చెత్తబుట్టలో వేసింది. పైగా ఇందులో పందేలు. మా బస్టాండు దగ్గర ఒకప్పుడు రెండు బోర్డులు నడిచిన టీకొట్టులో ఇప్పుడు ఆరుగురు కుర్రాళ్లు తలలు వంచుకుని కూర్చుంటారు. పక్కవాడు కొట్టిన దెబ్బను ఇంకొకడు చూడడు. “ఏందబ్బా, బోర్డు తీయకూడదా?” అంటే, “ఫోన్లో ఆడతన్నాం గదన్నా” అంటారు. ఆడటం లేదురా, ఆ గీత మిమ్మల్ని ఆడిస్తోంది.

సంక్రాంతికి, శివరాత్రికి మన ఊళ్లలో పోటీలు పెట్టే పెద్దలకు నా మనవి. డీజేకి పెట్టే డబ్బులో కొంత తీసి నియమాల ప్రకారం ఉన్న మంచి బోర్డు ఒకటి కొనండి. తక్కెడలో తూచిన 15 గ్రాముల స్ట్రైకర్లు, బోరిక్ పౌడర్, డూమ్ ఉన్న బల్బు పెట్టండి. మామూలు పోటీతోపాటు ఇంకొకటి కూడా పెట్టండి. మార్కాపురం పలక మీద బోర్డు గీసి పిల్లల చేతికివ్వండి. కొట్టేముందు స్ట్రైకర్ ఆగే చోట బలపంతో ఇంటూ గుర్తు పెట్టాలి. పెట్టాక పలక న్యాయనిర్ణేతకు ఇచ్చేయాలి, చెరిపి మళ్లీ గీయడం కుదరదు. కాయిన్ పడితే ఒక పాయింటు, స్ట్రైకర్ గుర్తుకు నాలుగు వేళ్ల దూరంలో ఆగితే మూడు. రెండూ జరిగితే ఇంకో వంతు. మైనస్ పడితే లైనులో చివరికి వెళ్లాలి. మొదటి ఏడు బహుమతి ఖర్చు నేను పెట్టుకుంటాను.