పొదుపు చిట్కాలు: ఒక పరిశీలన

పొదుపు మన గృహస్థులకు క్రొత్త పాఠము కాదు. కుంకుడుకాయతో తల రుద్దుకొనుట, బూడిదతో గిన్నెలు తోముట, చింతపండుతో రాగిచెంబు మెరయించుట మన పెద్దలు ఎరిగినవే. నేడు ఆ బోధను పత్రికల గృహిణీ శీర్షికలు, చిన్న చిన్న పుస్తకములు, చేతిఫోనులలోని వీడియోలు చేపట్టినవి. ఇంటిని, కారును చక్కగా ఉంచుకొనుటకు అంగడి సరకులు కొననక్కరలేదనియు, వంటింటి డబ్బాలే చాలుననియు ఇవి చెప్పుచున్నవి. ఉద్దేశము మంచిదే. కాని వీనిలో పెక్కింటికి ఒక లోపము కలదు. ఏమి చేయవలెనో చెప్పును గాని, ఆ పని ఎందువలన జరుగునో చెప్పవు. కారణము తెలియని చిట్కా ఎక్కడ పనిచేయునో, ఎక్కడ హాని చేయునో పాఠకుడు ఎట్లు తెలిసికొనగలడు?

మొదట ఒక మంచి చిట్కాను చూతము. రాగిచెంబుపై పట్టు చిలుము రాగి సమ్మేళనముల పొర. చింతపండులోని టార్టారిక్ ఆమ్లము దానిని కరగించును. అడుగున రాగి మెరయును. ఈ కారణము తెలిసినచో ఇంకను రెండు సంగతులు తెలియును. ఉప్పునీరు కాచిన పాత్రలలో కట్టు తెల్లని గార ముఖ్యముగా కాల్షియం కార్బొనేటు. దానిని వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లము కరగించును. పాలరాయియు కాల్షియం కార్బొనేటే! కావున పాలరాతి నేలను నిమ్మరసముతో గాని, వెనిగర్‌తో గాని తుడువరాదు, నునుపు పోవును. ఒక్క కారణము ఒక చిట్కాను సమర్థించినది, మరియొక దానిని నిషేధించినది.

ఇప్పుడు మిక్కిలి ప్రచారములో నున్న చిట్కాను పరీక్షింతము. వంటసోడా, వెనిగర్ కలిపి పోసినచో మురికియంతయు పోవుననియు, సింకు గొట్టములోని అడ్డు తొలగుననియు చెప్పుదురు. నురుగు పొంగుట చూచి జనులు నమ్ముదురు. కాని ఆ నురుగు కార్బన్ డై ఆక్సైడు వాయువు మాత్రమే. సోడా క్షారము, వెనిగర్ ఆమ్లము. ఒకదాని బలమును మరియొకటి హరించును. నూటికి 5 పాళ్ళు ఆమ్లముగల వెనిగర్ 100 మిల్లీలీటర్లకు సుమారు 7 గ్రాముల సోడా చాలును. తుదకు మిగులునది సోడియం ఎసిటేటు కలిసిన నీరు. అది గారను కరగించదు; గొట్టములో గడ్డకట్టిన జిడ్డును కరగించదు. వెనిగర్‌ను గారకు, సోడాను గిన్నె రుద్దుటకు విడివిడిగా వాడినచో రెండును పనికివచ్చును. కలిపినచో రెండింటి వెలయు వ్యర్థము.

ఇక కారు సంగతి. మూతలు తీసి నీరు పోయుటకు వీలైన బ్యాటరీలలో సీసపు పలకలు, సల్ఫ్యూరిక్ ఆమ్లము ఉండును. ఛార్జి చేయునపుడు కొంత నీరు హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడిపోవును; ఆమ్లము మిగిలియుండును. కావుననే స్వేదన జలము మాత్రము పోయవలెను. ఇంటిలోని ఇన్వర్టరు బ్యాటరీకిని ఇదే నియమము. “ఏ.సి. యంత్రము నుండి పడు నీరు ఊరక దొరకుచుండగా స్వేదన జలము కొననేల?” అని ఒక చిట్కా కలదు. ఆ నీరు ఆవిరి చల్లబడి ఏర్పడినదను మాట నిజమే. కాని అది లోహపు గొట్టముల మీదుగా, ధూళి మీదుగా వచ్చినది. లోహ కల్మషములు చేరినచో బ్యాటరీ తనంతట తాను డిస్చార్జి అగుట హెచ్చును. కొద్ది రూపాయలు మిగుల్చుకొనబోయి వేల రూపాయల బ్యాటరీని పాడుచేసికొనుట పొదుపు కాదు. ఆ నీటితో నేల తుడువుడు. అది నిజమైన పొదుపు.

ఇంతవరకు నష్టము ధనమునకే. ప్రాణమునకు నష్టము కలిగించు చిట్కాయు ఒకటి కలదు. స్నానపుగది కడుగుటకు అమ్ము యాసిడ్ సాధారణముగా హైడ్రోక్లోరిక్ ఆమ్లము. బ్లీచింగ్ పౌడరు మరియొక శుభ్రపరచు వస్తువు. రెండును కలిపినచో రెట్టింపు పని జరుగునని కొందరి భ్రమ. జరుగునది క్లోరిన్ వాయువు పుట్టుట. 1915 ఏప్రిల్ 22న ఈప్ర యుద్ధరంగమున జర్మను సైన్యము ఆయుధముగా వదలిన వాయువు ఇదియే. ఇది గాలికంటె సుమారు రెండున్నర రెట్లు బరువైనది. మూసిన చిన్న గదిలో క్రిందనే నిలిచి ఊపిరితిత్తులను దహించును. బ్లీచింగ్ ద్రావణములో వెనిగర్ పోసినను ఇదే ప్రమాదము. “ఇతర వస్తువులతో కలుపరాదు” అను ఒక్క వాక్యము వ్రాయని చిట్కా ఎంత పొదుపు నేర్పినను దోషమే.

ఉపాధ్యాయులు ఈ చిట్కాలను తరగతిలో పాఠముగా చేయవచ్చును. వెడల్పాటి గాజుపాత్రలో వెనిగర్ పోసి, నీలి లిట్మస్ ఎర్రబడుట చూపుడు. పైన చెప్పిన పాళ్ళలో సోడాను కొద్దికొద్దిగా వేయుడు. నురుగు అణగిన పిదప ఆ ద్రవములో ఒక గార పెచ్చును, వట్టి వెనిగర్‌లో మరియొక పెచ్చును వేసి, ఏది బుడగలు విడుచునో విద్యార్థులనే చూడనిండు. మూత బిగించిన సీసాలో మాత్రము ఈ ప్రయోగము చేయరాదు. వాయువు ఒత్తిడికి సీసా పగులును. యాసిడ్, బ్లీచింగ్ పౌడరుల సంగతి నోటితో చెప్పుడు; చేసి చూపరాదు.

పిమ్మట విద్యార్థులు ఇంటిలో విన్న చిట్కాలను వ్రాసి తెచ్చి, ప్రతిదానికి మూడు ప్రశ్నలు వేయవలెను: ఇందులో ఏ పదార్థము దేనితో చర్య జరుపును? ఎంత కావలెను? దేనిపై వాడరాదు? వీనికి సమాధానము దొరకిన చిట్కాను తల్లిదండ్రులకు ధైర్యముగా చెప్పవచ్చును.